అల్యూమినియం పడవకు జెట్ స్కీ యంత్రం

చిన్న అల్యూమినియం పడవకు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారును తీసేసి, పాత జెట్ స్కీలోని ఇంజిన్‌నూ నీటి పంపునూ పడవ లోపలే అమర్చే పనిని జెట్ మార్పిడి అంటారు. ఇలా తయారైన పడవకు నీటిలో తిరిగే ఫ్యాను ఉండదు, కిందికి దిగే కాలు ఉండదు, చుక్కాని కూడా ఉండదు. అడుగు నుంచి పీల్చుకున్న నీటిని వెనక నుంచి బలంగా చిమ్ముతూ అది ముందుకు పోతుంది. వేగం అందుకున్నాక జానెడు నీళ్లున్నా చాలు కాబట్టి గులకరాళ్ల నదుల్లో దీనికి గిరాకీ ఎక్కువ. న్యూజీలాండ్, అలాస్కా, ఐడహో, ఒరెగాన్ నదుల మీద ఇలాంటివి తరచు కనిపిస్తాయి. పది నుంచి పదహారు అడుగుల పొడవుండే ఈ పడవలను అక్కడివారు మినీ జెట్‌లంటారు.

పైకి ఇది ఇంజిన్ మార్పిడిలా కనిపిస్తుంది. ఇంజిన్‌ను నాలుగు బోల్టులతో బిగించడం పెద్ద పనేమీ కాదు. అడుగు నుంచి పంపులోకి గాలి కలవకుండా, సుడి తిరగకుండా నీళ్లు చేరే దారిని కట్టడమే అసలు పని. ఆ దారి కుదిరితే పాత ఇంజిన్‌తోనైనా పడవ పరుగెడుతుంది. కుదరకపోతే ఎంత శక్తి ఉన్న ఇంజిన్ పెట్టినా హోరు తప్ప తోపు రాదు.

రాళ్ల నదుల్లో పుట్టిన పడవ

న్యూజీలాండ్ దక్షిణ దీవిలోని మెకంజీ ప్రాంతంలో నదులు కొండల నుంచి గులకరాళ్లు మోసుకొచ్చి, వెడల్పాటి పాయలుగా చీలి పారతాయి. చాలాచోట్ల మోకాలి లోతే ఉంటుంది. అక్కడి ఐరిష్‌మన్ క్రీక్ గొర్రెల క్షేత్రం యజమాని బిల్ హామిల్టన్ స్వయంగా యంత్రాలు తయారు చేసే మనిషి. ఆ నదులను ఎదురెక్కగల పడవ కోసం 1950ల తొలి ఏళ్లలో ప్రయోగాలు మొదలుపెట్టాడు. మొదట హ్యాన్లీ హైడ్రోజెట్ అనే అమెరికన్ పంపు తరహాను ప్రయత్నించాడు. అది నీటిని పడవ అడుగున, నీళ్ల లోపలే చిమ్మేది. వేగం సరిపోలేదు. చిమ్మే గొట్టాన్ని నీటిమట్టానికి పైన, వెనక పలక మీదికి మార్చగానే వేగం పెరిగింది. చిమ్మిన నీరు వెనక ఉన్న నీటిని నెడితేనే పడవ కదులుతుందన్న అపోహ ఇప్పటికీ ఉంది. నీటిని వేగంగా విసిరినందుకు వచ్చే ప్రతిచర్యే తోపు. విసిరిన నీరు గాలిలో పడినా ఆ తోపు తగ్గదు. పైగా అడుగున ఏ గొట్టమూ వేలాడదు కాబట్టి ఈడ్పు తగ్గుతుంది, రాళ్లకు తగిలేదీ ఉండదు.

హామిల్టన్ జెట్ పడవలు 1960లో గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదిని కింది నుంచి పైకి ఎక్కాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం ఇదే కంపెనీ పడవల్లో గంగాసాగరం దగ్గర బయలుదేరి గంగానది వెంట హిమాలయాల వైపు ప్రయాణించింది. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డు రావడంతో పడవలను వదిలి కాలినడకన సాగింది. హామిల్టన్‌కు 1974లో సర్ బిరుదు వచ్చింది, 1978లో ఆయన కన్నుమూశాడు.

జెట్ స్కీ కథ వేరే దారిలో సాగింది. కెనడాకు చెందిన బొంబార్డియర్ 1968లోనే సీడూ పేరుతో నీటి వాహనాన్ని తెచ్చింది గానీ అది నిలదొక్కుకోలేదు. అమెరికన్ మోటార్‌సైకిల్ పందెగాడు క్లేటన్ జాకబ్‌సన్ ఆలోచన ఆధారంగా 1970ల తొలి ఏళ్లలో కవాసకీ నిలబడి నడిపే జెట్ స్కీని అమ్మకానికి పెట్టింది. 1980ల రెండో సగంలో కూర్చుని నడిపే యమహా వేవ్‌రన్నర్, దాని వెంటే సీడూ మళ్లీ వచ్చాక ఈ బండ్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. విశాఖ రుషికొండ తీరంలో అద్దెకు తిరిగేవి ఈ వంశంలోనివే. వీటి ఫైబర్ బాడీ ఎండకు, దెబ్బలకు పగిలిపోయినా ఇంజిన్, పంపు చాలా కాలం పనికొస్తాయి. అలా చవకగా దొరికే పాత బండ్లే మినీ జెట్‌లకు ముడిసరుకు అయ్యాయి.

తోపు పుట్టే తీరు

పడవ అడుగున పొడవాటి నోరు ఉంటుంది. దానికి అడ్డంగా కడ్డీల గ్రేటు బిగించి రాళ్లను ఆపుతారు. నోటి నుంచి నీళ్లు ఏటవాలు సొరంగం గుండా పైకెక్కి ఇంపెల్లర్‌ను చేరతాయి. ఇంపెల్లర్ స్టెయిన్‌లెస్ స్టీలు రెక్కల చక్రం. జెట్ స్కీలలో దాని వ్యాసం 140 నుంచి 160 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. దాని చుట్టూ వేర్ రింగ్ అనే కట్టు. రెక్క అంచుకీ ఆ కట్టుకీ మధ్య మిల్లీమీటరులో చిన్న భాగమంతే సందు ఉండాలి. ఇసుక అరగదీసి ఆ సందు మిల్లీమీటరు దాకా పెరిగితే తోపు తెలిసేలా పడిపోతుంది. ఇంపెల్లర్ దాటిన నీళ్లు మెలి తిరుగుతూ వస్తాయి. స్టేటర్ రెక్కలు ఆ మెలికను విప్పి నిటారు చేస్తాయి. ఆపైన సన్నబడే నాజిల్ నీటి వేగాన్ని పెంచి బయటికి వదులుతుంది. చివర అటూఇటూ తిరిగే చిన్న గొట్టమే స్టీరింగ్.

జెట్‌కు వేగంలోనే లాభం. చిమ్మే నీటి వేగం సెకనుకు 25 మీటర్లు, పడవ వేగం 15 మీటర్లు అనుకుందాం. నష్టాలేవీ లేవనుకుంటే తోపు సామర్థ్యం 75 శాతం వస్తుంది. అదే పడవ 5 మీటర్ల వేగంతో కుంటుతుంటే సామర్థ్యం 33 శాతానికి దిగుతుంది. నెమ్మదిగా పోయే బరువు పడవకు జెట్ తగదన్నది ఈ లెక్క నుంచే తేలుతుంది. నీటి మీదికి లేచి పరుగెత్తగల తేలికపాటి పడవే కావాలి. ఈ కారణంగానే అల్యూమినియం పడవ ఈ పనికి ముందుకొచ్చింది.

ఇంకో గుణం కూడా తెలిసి ఉండాలి. ఫ్యాను మోటారు మీద బరువెక్కువైతే ఇంజిన్ చుట్లు పడిపోతాయి. జెట్ పంపు లాగే శక్తి పడవ వేగాన్ని బట్టి అంతగా మారదు కాబట్టి ఇంజిన్ చుట్లు దాదాపు నిలకడగా ఉంటాయి. అయితే నిలిచి ఉన్న పడవలో ఒక్కసారిగా థ్రాటిల్ పూర్తిగా నొక్కితే పంపు అడిగినంత నీరు నోట్లోకి చేరదు. రెక్కల మీద పీడనం పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి, తోపు పోతుంది, కాలక్రమంలో రెక్కలకు గుంటలు పడతాయి. జెట్ స్కీ కన్నా బరువైన పడవలో ఈ బెడద ఎక్కువ. తక్కువ వేగంలో నీటిని బాగా పట్టే కోణపు ఇంపెల్లర్‌కు మారడం దీనికి అలవాటైన మందు.

ఏ ఇంజిన్?

తొలి తరం మార్పిడులన్నీ టూ స్ట్రోక్ ఇంజిన్లతోనే జరిగాయి. యమహా 701, 760 సీసీల రెండు సిలిండర్ల ఇంజిన్లకు ఇప్పటికీ మంచి పేరుంది. కార్బురేటరు, సాదా ఇగ్నిషన్ పెట్టె, నాలుగు తీగలు ఉంటే నడుస్తాయి. విడిభాగాలు దొరుకుతాయి. బరువు తక్కువ. ఆయిల్ పంపును తీసేసి, పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకొని వాడేవారు చాలామంది. వీటి లోపాలు పెట్రోలు తాగడం, పొగ. కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని టాహో సరస్సులో కార్బురేటరు ఉన్న టూ స్ట్రోక్ ఇంజిన్లను 1999లోనే నిషేధించారు. ఇంజిన్ కొనేముందు అది తిరగబోయే నీళ్ల నిబంధనలు చూసుకోవడం తెలివైన పని.

2002లో యమహా, సీడూ ఫోర్ స్ట్రోక్ బండ్లు తెచ్చాయి. యమహా 998 సీసీ ఇంజిన్ నిమిషానికి 10,000 చుట్ల దాకా తిరుగుతుంది, గేర్లతో వేగం తగ్గించి పంపుకు అందిస్తుంది. సీడూది 1494 సీసీ. ఇవి పెట్రోలు తక్కువ తాగుతాయి, శక్తి ఎక్కువ ఇస్తాయి, బరువు కూడా ఎక్కువే. వీటిని తీసేటప్పుడు ఇంజిన్ ఒక్కటే తెచ్చుకుంటే మోసపోతారు. కంప్యూటర్ పెట్టె, తీగల కట్ట, సెన్సర్లు, మీటరు అన్నీ ఒకే బండివి కావాలి. సీడూలో తాళంచెవి కూడా ఆ పెట్టెతో జతపడి ఉంటుంది. వేరే చెవితో స్టార్ట్ కాదు. ఆ సీడూ ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్, పడవ వెనకడుగున ఉండే రైడ్ ప్లేటు లోపల తిరిగి, నదీజలాలకు వేడిని ఇచ్చి వస్తుంది. అది మామూలు రేకులా కనిపిస్తుంది కాబట్టి తెలియనివారు పాత బాడీతో పాటు తుక్కులో వేస్తారు. బండి మొత్తం కొని, నీళ్లలో నడిపి చూసి, అప్పుడు విప్పడం మంచిది.

పడవ ఎంపిక

ఎక్కువమంది వాడేది జాన్ బోటు. చతురస్రపు ముక్కు, చదును అడుగు, వేటకూ చేపలకూ అమెరికాలో వాడే చవక పడవ ఇది. రివెట్లతో కట్టిన జాన్ బోట్ల రేకు ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. అవుట్‌బోర్డ్ మోటారు తోపంతా వెనక పలక మీద పడుతుంది కాబట్టి అడుగు పలచగా ఉన్నా సరిపోతుంది. జెట్ పెట్టాక ఆ బలం అడుగుకు, ఇంజిన్ పట్టాలకు మారుతుంది. అందుకే నోటి చుట్టూ మూడు మిల్లీమీటర్లకు తగ్గని పలక, దాని మీద ముందు నుంచి వెనక పలక దాకా పోయే నిలువు దూలాలు వేయాలి. రాళ్ల నదుల కోసం కొత్తగా కట్టేవారు నాలుగైదు మిల్లీమీటర్ల అడుగు వేసి, కింద జారుడు ప్లాస్టిక్ షీటు కూడా బిగిస్తారు.

చదును అడుగు తొందరగా నీటి మీదికి లేస్తుంది. కానీ దానితో పెద్ద చిక్కు గాలి. జెట్ స్కీ అడుగు మధ్యలో లోతైన వీ ఆకారంలో ఉంటుంది, ముందు నుంచి వచ్చే గాలి బుడగలు రెండు పక్కలకూ జారిపోతాయి. చదును అడుగు కింద దూరిన గాలి పలచని పొరలా అలాగే వెనక్కి పాకి నేరుగా పంపు నోట్లో పడుతుంది. జాన్ బోటు అడుగున పొడవునా ఉండే గట్లు, రివెట్ తలలు ఆ బుడగలకు కాలువలు తవ్వి ఇచ్చినట్టే. నడిపేవారికి ఇది చప్పుడులోనే తెలుస్తుంది. అల మీద ఎగిరిన ప్రతిసారీ ఇంజిన్ గొంతు ఒక్కసారి పైకి లేస్తుంది, పడవ వెనకబడుతుంది, మళ్లీ అందుకుంటుంది. నోటికి ముందు మీటరు మేర గట్లు తీసేసి నున్నగా చేయడం, నోటి ముందు పలకను కొద్దిగా కిందికి వంచి లోతు తక్కువ వీ ఆకారం ఇవ్వడం, నీటిని కిందినుంచి ఎత్తుకునే గ్రేటు వేయడం వల్ల ఇది చాలా వరకు తగ్గుతుంది. మలుపుల్లో పడవ పక్కకు జారకుండా గట్లు కావాలనుకుంటే వాటిని నోటికి పక్కల వేయాలి, ముందు ఎన్నడూ వేయకూడదు.

నీటి దారి కట్టడం

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, జెట్ స్కీ ఫైబర్ అడుగులో నోరు, సొరంగం, ఇంజిన్ దిమ్మెలు ఉన్న భాగాన్ని ఒకే ముక్కగా కోసి, అల్యూమినియం అడుగులో అదే కొలతకు రంధ్రం చేసి, అంచుల్లో బోల్టులూ పడవలకు వాడే పాలియురెథేన్ జిగురూ వేసి బిగించడం. కంపెనీ తీర్చిన సొరంగం ఆకారం, ఇంజిన్‌కీ పంపుకీ ఉన్న వరస రెండూ చెదరవు. వెల్డింగ్ రానివారికి ఇదే దారి. కాకపోతే ఫైబర్, అల్యూమినియం ఒకేలా వంగవు. అలల దెబ్బకు అతుకు దగ్గర ఫైబర్ అంచు చిట్లుతుంది. వీ ఆకారపు ముక్క చదును అడుగును కలిసే చోట మెట్టు మిగులుతుంది, ఆ మెట్టు నుంచి మళ్లీ గాలి. రాళ్లకు తగలని చెరువు పడవకైతే ఫరవాలేదు. నదికి వెళ్లేవారు రెండో పద్ధతే ఎంచుకోవాలి.

రెండోది, ఆ సొరంగానికి అచ్చు తీసి అల్యూమినియం పలకతో కొత్తగా కట్టి వెల్డింగ్ చేయడం. అచ్చు పోసిన అల్యూమినియం సొరంగాలు తయారుగా కూడా అమ్ముతారు. పడవ పలకకు 5052, 5083, 5086 రకాలు నప్పుతాయి. 6061 దూలాలు గట్టివే అయినా వెల్డింగ్ వేడికి అతుకు పక్కన వాటి బలం బాగా తగ్గుతుంది. అందుకే అతుకును వంపు బలం తక్కువ పడే చోటికి జరుపుతారు. అల్యూమినియం 660 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కరుగుతుంది. దాని మీది ఆక్సైడ్ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. పైపొర కరగకముందే లోపలి లోహం జారి రంధ్రం పడేది ఇందుకే. అల్యూమినియానికే కేటాయించిన స్టెయిన్‌లెస్ బ్రష్షుతో తోమి, జిడ్డు తుడిచి, ఆర్గాన్ వాయువులో ఏసీ కరెంటు టిగ్ వెల్డింగ్ చేయాలి. పడవ నేల కింద తేలడానికి నింపిన ఫోము ఉంటే ముందు అదంతా తీసేయాలి. వేడికి అది విష వాయువులు వదులుతుంది.

ఆ తర్వాత అత్యంత ఓపిక కావలసిన పని ఇంజిన్‌నూ పంపునూ ఒకే వరసలోకి తేవడం. పంపు షాఫ్టు స్థానం కదలదు, కదపవలసింది ఇంజిన్‌నే. రెండింటి చివరల్లో కప్లింగులు, మధ్యలో రబ్బరు దిండు ఉంటాయి. రబ్బరు తీసేసి, కప్లింగుల మీద పొడవునా స్టీలు బద్ద ఆనించి చూస్తారు. బద్ద కింద వెలుగు కనిపిస్తే అంతమేర ఇంజిన్ పక్కకో కిందికో ఉందన్నమాట. పైన, కింద, రెండు పక్కలా సందును ఫీలర్ గేజితో కొలిచి, ఇంజిన్ కాళ్ల కింద పలచని షిమ్ములు వేస్తూ తీస్తూ నాలుగుచోట్లా ఒకే కొలత వచ్చేదాకా సరిచేస్తారు. ఈ వరస తప్పితే రబ్బరు పొడి అవుతుంది, బేరింగులు అరిగిపోతాయి, షాఫ్టు సీలు నుంచి నీళ్లు పడవలోకి వస్తాయి. వెల్డింగ్ చల్లారాక పలక ముడుచుకుంటుంది కాబట్టి చివరి కొలత అన్ని అతుకులూ పూర్తయ్యాకే తీయాలి.

నీటిమట్టమూ బరువూ

పడవ నిలిచి ఉన్నప్పుడు నీటిమట్టం కనీసం పంపు షాఫ్టు మధ్య గీతను తాకాలి. అంతకన్నా పైన పంపు కూర్చుంటే అది నీరు అందుకోలేదు. మరీ కిందికి దించితే నోటి దగ్గర అడుగు రాళ్లకు తగులుతుంది. ఇంజిన్, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు అన్నీ వెనకే పెడితే పడవ ముక్కు ఆకాశానికి లేచి, వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. వేగం అందాక ముక్కు గెంతుతూ పోతుంది. ట్యాంకునూ బ్యాటరీనీ నడిపే మనిషి కన్నా ముందుకు పెడితే ఇది సర్దుకుంటుంది. వెనకడుగున రైడ్ ప్లేటు పొడవు, వాలు మారిస్తే మిగతాది తీరుతుంది.

చల్లదనం, పొగ

టూ స్ట్రోక్ జెట్ స్కీలలో చాలావాటికి వేరే నీటి పంపు ఉండదు. జెట్ పంపులోని పీడనమే సన్న గొట్టం గుండా ఇంజిన్ చుట్టూ నీరు తిప్పి, పొగగొట్టంలో కలిపి బయటికి పంపుతుంది. ఇంటి దగ్గర గొట్టం తగిలించి నడిపేటప్పుడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ తర్వాతే కొళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కొళాయి కట్టి ఆపైన ఇంజిన్ ఆపాలి. వరస తారుమారైతే, తోసేయడానికి పొగ లేని నీరు సైలెన్సర్ నిండి సిలిండర్లలోకి వెనక్కి పారుతుంది. పొగగొట్టం పొడవు, ఉబ్బు ఇంజిన్ శక్తిని నిర్ణయిస్తాయి కాబట్టి స్థలం చాలలేదని దాన్ని కోయకూడదు. సైలెన్సర్ దాటాక గొట్టాన్ని పైకెత్తి వంపు తిప్పి దించితేనే పడవ వెనక్కి ఒరిగినా నీరు లోపలికి రాదు.

నడిపే తీరు

జెట్ పడవలో ప్రాణం మీదికి తెచ్చే గుణం ఒకటుంది. థ్రాటిల్ వదిలితే చిమ్ముడు ఆగుతుంది, చిమ్ముడు ఆగితే స్టీరింగ్ పోతుంది. ఎదురుగా దుంగ కనబడగానే కొత్తవారు భయపడి థ్రాటిల్ వదిలేసి చక్రం తిప్పుతారు. పడవ తిరగదు, అదే గీతలో పోయి దుంగను కొడుతుంది. థ్రాటిల్ కొంత ఉంచి తిప్పడం చేతికి అలవాటయ్యేదాకా ఖాళీ నీళ్లలో సాధన చేయక తప్పదు. ఇంజిన్‌కీ పంపుకీ మధ్య క్లచ్ లేని బండ్లే ఎక్కువ కాబట్టి స్టార్ట్ చేయగానే పడవ కదులుతుంది. వెనక్కి పోవడానికి నాజిల్ ముందు దిగే బకెట్ ఉన్న పంపు దొరికితే వదులుకోకూడదు. చేతిపట్టు థ్రాటిల్ స్థానంలో స్ప్రింగుతో వెనక్కి వచ్చే కాలి పెడల్ పెట్టడం మంచిది. మనిషి పడిపోతే ఇంజిన్ దానంతటదే నెమ్మదిస్తుంది.

గడ్డి, చిన్న గులకరాళ్లు గ్రేటులో ఇరుక్కోవడం మామూలు. హామిల్టన్ పంపుల్లో పడవ లోపలి నుంచే తెరిచి చెయ్యి పెట్టి తీసే మూత ఉంటుంది. జెట్ స్కీలలో అది ఉండదు. సొరంగం పైన నీటిమట్టానికి ఎగువన అలాంటి మూత ఒకటి కట్టుకుంటే ప్రవాహం మధ్యలో నీళ్లలోకి దిగాల్సిన అవసరం తప్పుతుంది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీశాకే అందులో చెయ్యి పెట్టాలి.

చట్టం, భద్రత

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, పడవ అడుగున పేరుకుంటుంది. అవుట్‌బోర్డ్ పడవలో ఇంజిన్ బయట ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ. ఇంజిన్‌ను పెట్టెలో మూసినప్పుడు ఆవిరిని బయటికి లాగే బ్లోయరు, నిప్పురవ్వలు బయటికి రానివ్వని విద్యుత్ పరికరాలు, కార్బురేటరుకు మంటను ఆపే జల్లెడ, చేతికందే అగ్నిమాపకం ఉండాలి. తీసేసిన ఫోముకు బదులు కొత్త ఫోము నింపాలి. నీళ్లు నిండినా పడవ మునగకుండా ఆదుకునేది అదే.

అమెరికాలో 20 అడుగులలోపు పడవలకు ఎంత బరువు, ఎంత మంది అని చెప్పే పలక ఉంటుంది. దాని మీది అశ్వశక్తి అవుట్‌బోర్డ్ మోటారుకు కట్టిన లెక్క. లోపలి ఇంజిన్ పెట్టాక ఆ అంకె మార్గదర్శనం చేయదు, కొత్త ఇంజిన్ బరువును మోయగలిగే బరువులోంచి తీసేసుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగులలోపు మోటారు పడవల్లో, ఇంజిన్ ఆపే స్విచ్ అమర్చి ఉంటే, వేగంగా పోయేటప్పుడు నడిపేవారు దాని తాడును ఒంటికి తగిలించుకోవాలని అక్కడి చట్టం. జెట్ స్కీలు నిషేధించిన జాతీయ ఉద్యానవనాల్లో ఇలాంటి పడవ మాటేమిటన్న ప్రశ్న కూడా వస్తుంది. బాడీ మీద కూర్చునో నిలబడో నడిపేదాన్నే అక్కడి నిబంధన జెట్ స్కీ తరహా వాహనమంటుంది, బాడీ లోపల కూర్చునేదాన్ని కాదు. మన దేశంలో నదులూ కాలువల మీద తిరిగే మర పడవలకు 2021 అంతర్దేశీయ నౌకల చట్టం తనిఖీ, రిజిస్ట్రేషన్ విధించింది. ఇంట్లో కట్టుకున్న పడవైనా నీళ్లలోకి దించేముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

తుప్పు, అరుగుదల

అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు నీళ్లలో తాకితే అల్యూమినియమే కరిగిపోతుంది. బోల్టుల కింద ప్లాస్టిక్ వాషర్లు, దారాల మీద సీలెంటు వేయాలి. అల్యూమినియానికి బదులు తాను అరిగిపోయే ఆనోడ్ ముక్కను పంపు దగ్గర బిగించాలి. మంచినీళ్లలో మెగ్నీషియంది, ఉప్పునీళ్లలో జింకు లేదా అల్యూమినియంది సరిపోతుంది. రాగి కలిసిన పడవ రంగులు అల్యూమినియాన్ని తినేస్తాయి, వాటిని దగ్గరికి రానివ్వకూడదు. సముద్రంలో తిరిగి వచ్చాక ఇంజిన్ లోపలి దారులను మంచినీటితో కడగాలి. ఇసుక నదుల్లో తిరిగే పడవకు వేర్ రింగ్‌ను టైరు లాంటి వాడుకసరుకుగానే చూసి, ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోవాలి.